పంతులుగారి కాలిబంతి జట్టు

ఆటలను గూర్చి వ్రాయుటకు మాకేమి యధికారమని మీరడుగవచ్చును. మా తండ్రిగారు మాకు ఇంటివద్దనే భారత భాగవతములు చెప్పిరి. కొంత సంస్కృతమును, కొంత ఛందస్సును నేర్పిరి. బంతి యను వస్తువును కావ్యములలో చూచినంతగా మైదానములో చూచినవారము కాము. అట్టి మేము నేడు కాలిబంతి యాటను గూర్చి, అందును హైదరాబాదు నగరపు పోలీసు జట్టును గూర్చి వ్రాయబూనుటకు కారణము మా పెద్దమ్మాయి కాలికి తగిలిన గాయము.

మా కాపురము విజయవాడకు దిగువను, బందరు కాలువ గట్టున నున్న యొక గ్రామమున. మా వారు అచటి ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రము చెప్పుదురు. మా ప్రాంతమున వరికోతలకు ముందే చేలలో మినుములు చల్లుదురని మీలో పలువురెరుగుదురు. ఆ మినుములును ఇంటికి చేరిన పిమ్మట, మరల కాలువలకు నీరు వదలు వరకు చేలన్నియు ఖాళీగా నుండును. అప్పుడవియే పిల్లలకు ఆటస్థలములు. వరి కొయ్యకాళ్ళు మాత్రము మేకులవలె నిలిచియే యుండును.

ఒకనాటి సంధ్యవేళ మా అమ్మాయి కుంటుచు వచ్చి, పెరటిలో పంపువద్ద కాలు కడుగుకొనుచుండగా, అరికాలినుండి నెత్తురు కారుట చూచితిమి. ఏమని యడుగగా ముందు ముల్లనెను, పిదప గాజుపెంకనెను, తుదకు నిజము చెప్పెను. నెలదినములుగా మగపిల్లలతో గూడి, కాళ్ళకేమియు లేకుండ, ఆ కొయ్యకాళ్ళ నడుమ కాలిబంతి యాడుచున్నదట. పాఠశాలలో ఆడపిల్లల జట్టొకటి కూర్చుచున్నారట. డ్రిల్లు మేష్టరుగారు తన్నును చేరుమన్నారట. గుడివాడలో పోటీలట. అందులకు తల్లిదండ్రులు సంతకము చేయవలసిన కాగితము పుస్తకముల సంచిలో వారము దినములుగా మడతపడియున్నదట.

మా అత్తగారు వరండాలోనుండి యంతయు వినిరి. "పదమూడేండ్ల పిల్లకు చేలవెంట పరుగులేమిటే అమ్మాయీ? రేపు కాలు విరిగినచో దానినెవరు చేసికొందురు?" అనిరి. మేమును అత్తగారి పక్షముననే నిలిచితిమి. కాగితమును చింపలేదు గాని, తీసి బీరువాలో పెట్టితిమి. పిల్ల యేడువలేదు. ఏడ్చినచో మాకు సుళువుగా నుండెడిది. అది గాయమునకు పసుపు పెట్టించుకొని, అన్నము తిని, ఒక్క మాటయైన లేక పండుకొన్నది.

ఆ రాత్రి మా వారు, "సంతకము మాట పిదప చూతము. ముందొక బడిపంతులు కథ చెప్పెదను, వినుము" అనిరి. ఆయన చెప్పిన కథయు, తరువాత మేము గ్రంథాలయమునుండి తెప్పించి చదివికొన్నదియు కలిపి యిచట మీకు విన్నవించుచున్నాము.

హైదరాబాదులో 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన సయ్యద్ అబ్దుల్ రహీం అను నాయన జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదివి పట్టభద్రుడై, ఉపాధ్యాయవృత్తిని స్వీకరించెను. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మొదలగు చోట్ల పిల్లలకు పాఠములు చెప్పెను. పిమ్మట వ్యాయామ విద్యను గూడ నభ్యసించెను. ఆయన ఆటగాడే, కాని లోకము ఆయనను జ్ఞాపకముంచుకొన్నది ఆడినందులకు గాదు, ఆడుట నేర్పినందులకు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, నగరమునందలి బీదపిల్లలు వీధులలో తన్నుకొను బంతికి ఒక విధానమును, ఒక క్రమమును కల్పించెను.

ఆయన పద్ధతులలో నొకటి మాకు మిక్కిలి నచ్చినది. ఈ యాటలో నేర్పరియగు పిల్లవాడు బంతిని తన కాళ్ళనడుమ త్రిప్పుకొనుచు, ఒకనిని తప్పించి, మరియొకనిని మాయజేసి, తానొక్కడే ముందుకు పోజూచును. చూచువారు చప్పట్లు కొట్టుదురు. రహీం గారు ఆ పనిని నిషేధించి ప్రత్యేకముగా పందెములు నడపిరి. బంతి కాలికి తగిలిన వెంటనే తోడివానికి అందింపవలెను, తనయొద్ద నుంచుకొనరాదు. అందించినవాడు ఊరక నిలువక, మరల నందుకొనుటకు వీలగు చోటికి పరుగెత్తవలెను. ఇందువలన పిల్లలు తలయెత్తి తోడివారిని చూచుట నేర్చుకొనిరి.

ఇది వినినప్పుడు మాకు ఆదిపర్వము గుర్తునకు వచ్చినది. కురుపాండవ కుమారులు ఊరివెలుపల బంతియాడుచుండగా వారి బంగారు బంతి నూతిలో పడుటయు, ఎవరికిని తోచక వారందరు నూతిగట్టున నిలిచియుండగా ద్రోణుడు వచ్చి తన యస్త్రవిద్యచే దానిని వెలికి దీయుటయు మీరెల్లరు చదివినదే. గురువు శిష్యులకు దొరకినది బంతియాటవద్దనే. ఐనను ద్రోణునకు రాజపుత్రులు కావలసియుండిరి. ఏకలవ్యుడు చెట్లనడుమనే యుండిపోయెను. ఈ హైదరాబాదు పంతులుగారో, వీధివీధి వెదకి ఏకలవ్యులనే చేరదీసిరి. సికింద్రాబాదు దాపుననున్న అమ్ముగూడలో బీదకుటుంబమున పుట్టిన తులసీదాస్ బలరాం అట్టివాడు. ఆయన ఇరువదియేండ్ల ప్రాయముననే ఒలింపిక్ క్రీడలలో మన దేశము పక్షమున ఆడెను.

నేర్పుగల బీదపిల్లలకు ఆటతోడనే కడుపు నిండదు గదా. ఆ కొరత తీర్చినది పోలీసు శాఖ. హైదరాబాదు నగర పోలీసు జట్టులో చేరినవానికి ఉద్యోగమును, నెలజీతమును ఉండెడివి. ఉదయమును సాయంకాలమును సాధన చేయుటకు సావకాశమును కలిగెడిది. ఇట్టి యేర్పాటు లోకములో మన యొక్కచోటనే కలదనుకొనరాదు. రష్యాదేశమున 1923లో మాస్కోనగరమున రక్షకభట శాఖవారి ప్రాపున డైనమో అను క్రీడాసంఘము వెలసి, ఆ పేరుతోనే అచటి పట్టణములలో పలు జట్టులు పుట్టినవి. మాస్కో డైనమో జట్టు 1945లో ఇంగ్లాండునకు పోయి, అచటి ప్రఖ్యాతమగు ఆర్సెనల్ జట్టును 4-3 గోలులతో గెలిచినది. అటులనే మన పోలీసుజట్టును తమ నగరపు టెల్లలు దాటి పేరు మోయుటకు ఎక్కువ కాలము పట్టలేదు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసినది. అప్పటికి నగరమున ఎన్ని గుండెలు ఎన్ని విధముల కలతపడియుండెనో చెప్పనలవి కాదు. రెండేండ్లు గడచినంతనే, 1950లో, ఆ నగరపు పోలీసు జట్టు ఢిల్లీకి పోయి, కలకత్తా మోహన్ బగాన్ జట్టునే తుదియాటలో ఓడించి డ్యూరాండ్ కప్పును తెచ్చినది. అది 1888లో మొదలైన పందెము. ఆసియాఖండమున అంతకంటె పాతది లేదు. అదే సంవత్సరము బొంబాయిలో రోవర్స్ కప్పును గెలిచిరి. మరుసటి యేడు మరల గెలిచిరి. ఆ మరుసటి యేడును. ఇట్లు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు హైదరాబాదును విడువలేదు. 1954లోను, 1957లోను డ్యూరాండ్ కప్పు మరల వచ్చినది. ఆ జట్టులోని నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ మొదలగువారి పేర్లు ఆ దినములలో దేశమంతట మారుమ్రోగినవి.

ఈ మాట వినునప్పుడు మా అమ్మాయి నిద్రపోలేదని మాకు తెలియును. గోడవైపు తిరిగి పండుకొన్నది గాని, చెవులిటే యున్నవి. ఆ కాలి కట్టు చూచి మేము మా వారి నడిగితిమి: "అంత గొప్ప ఆటగాండ్రును బూట్లు లేకయే ఆడిరా?"

మా వారు నవ్వి, అదియు ఒక కథయే యనిరి. 1948లో లండను ఒలింపిక్ క్రీడలయందు మనవారిలో పెక్కురు వట్టి కాళ్ళతోనే ఆడి, ఫ్రాన్సుచేతిలో 2-1 తేడాతో మాత్రమే ఓడిరి. లోకము మెచ్చుకొనెను. 1952లో ఫిన్లాండు రాజధాని హెల్సింకీకి పోయినప్పుడును కొందరు అట్లే యాడిరి. ఆ చలిలో, యుగోస్లావియా జట్టు ఎదుట, మనవారు 10-1 గోలులతో చిత్తుగా ఓడిరి. ఆ జట్టునకును గురువు రహీం గారే. అటుపిమ్మట మన దేశపు ఫుట్‌బాల్ సమాఖ్యవారు బూట్లు తొడుగుకొని తీరవలెనని నియమము చేసిరి.

ఓటమినుండి రహీం గారు నేర్చుకొన్నారనుటకు తార్కాణము నాలుగేండ్లలోనే కనబడెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో, మన జట్టు ఆతిథేయులగు ఆస్ట్రేలియావారిని వారి గడ్డమీదనే 4-2 గోలులతో గెలిచెను. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసూజా అందు మూడు గోలులు చేసెను. తరువాతి యాటలో ఎదురైనది మరల యుగోస్లావియాయే. ఈసారి మొదటి గోలు మనవారిదే. తుదకు 4-1తో ఓడిరి. పిమ్మట బల్గేరియా చేతిలోను ఓడి నాలుగవ స్థానమున నిలిచిరి. పతకము రాలేదు. ఐనను ఆ నాలుగవ స్థానముకంటె పై మెట్టును ఆ క్రీడలలో మన దేశము నేటివరకు ఎక్కలేదు. ఆ జట్టులో బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికర్, గోలు కాచిన పీటర్ తంగరాజ్ మొదలగు హైదరాబాదు, సికింద్రాబాదు బిడ్డలు పలువురుండిరి.

అదే 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర మేర్పడినది గదా. దానితో ఆ జట్టు మన కృష్ణాతీరమువారికి గూడ చుట్టమైనది. కొలది యేండ్లకు దాని పేరే ఆంధ్ర పోలీసు జట్టుగా మారి, ఆ పేరుతో 1960లో రోవర్స్ కప్పును, 1961లో డ్యూరాండ్ కప్పును గెలిచెను. రాష్ట్రముల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీని హైదరాబాదువారు 1956-57, 1957-58 సంవత్సరములలో గెలువగా, 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో గెలిచిరి. 2014లో రాష్ట్రము మరల రెండయినది. పేర్లెన్ని మారినను, ఆ బంతి తన్నిన కాళ్ళు తెలుగునేలపై పెరిగినవే యని మేము తలచుచున్నాము.

ఇక ఈ కథలో మా కన్నులు చెమర్చిన ఘట్టము. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగినవి. రహీం గారప్పటికే ఊపిరితిత్తుల పుట్టకురుపుతో బాధపడుచుండిరి. మొదటి యాటలోనే దక్షిణ కొరియావారు మనలను 2-0తో ఓడించిరి. పిమ్మట మనవారు థాయిలాండును, జపానును, దక్షిణ వియత్నామును గెలిచి, సెప్టెంబరు 4వ తేదీన తుదియాటకు వచ్చిరి. ఎదుట మరల దక్షిణ కొరియాయే. చూడవచ్చిన జనము లక్షకు దగ్గరగా నుండిరి. రాజకీయ కారణములచే వారందరు మనవారిపై ఆగ్రహించి కేకలు వేయుచుండిరి. జర్నైల్ సింగ్ అను ఆటగానికి తలకు గాయమై కుట్లు పడియుండెను. రక్షణలో నిలువవలసిన అతనిని రహీం గారు ముందువరుసలో నిలిపిరి. ఆ గాయపడిన తలతోనే అతడు గోలు చేసెను. పి.కె. బెనర్జీ మరియొకటి చేసెను. మనవారు 2-1తో గెలిచి స్వర్ణపతకము నందిరి. 1951లో ఢిల్లీలో వచ్చిన స్వర్ణమునకు ఇది రెండవది. రెంటికిని గురువు ఈ పంతులుగారే. తొమ్మిది నెలలు గడచినంతనే, 1963 జూన్ 11వ తేదీన, ఆయన కాలధర్మము నొందిరి. వయసు 53 ఏండ్లు.

ఆంధ్ర పోలీసు జట్టు 1963లో మరియొకసారి రోవర్స్ కప్పును గెలిచినది. ఆ పిమ్మట ఆ వెలుగు క్రమముగా తగ్గెను. నేర్పరులు కలకత్తాకు తరలిరి. అచటి క్లబ్బులలో పేరును, ఆదరమును ఎక్కువ. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌లో చేరి, 2023లో మరణించువరకు ఆ వంగదేశముననే యుండెను. హైదరాబాదు బిడ్డయగు మహమ్మద్ హబీబ్, 1977లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టుపై గోలు చేసెను. కాని అప్పుడతని యొంటినున్నది మోహన్ బగాన్ చొక్కా. పోయినవారిని తప్పుపట్టరాదు. ఊరిలో మిగిలిన పిల్లలకు నేర్పువారు కరవగుటయే అసలు నష్టము. 2022 మార్చిలో హైదరాబాదు పేరుగల జట్టొకటి ఇండియన్ సూపర్ లీగును గెలిచినప్పుడు పత్రికలు ఆ పాతకథను మరల తలచుకొన్నవి. 2024లో రహీం గారి జీవితముపై హిందీలో చలనచిత్రము గూడ వచ్చినది.

కథ ముగియగానే మా అమ్మాయి గోడవైపునుండియే, "ఆడపిల్లలు లేరా నాన్నగారూ, ఆ కథలో?" అని యడిగెను.

మా వారు నిజామాబాదు జిల్లాలోని తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్యను గూర్చి చెప్పిరి. ఆ బాలిక మన దేశపు మహిళా జట్టులో ఆడుటయేగాక, ఐరోపాలోని క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బులో గూడ చేరినది. మేము మాత్రము వేరొక యాలోచనలో పడితిమి. దండి దశకుమారచరితములో కందుకావతియను రాకుమారి కలదు. నెలనెల కృత్తికా నక్షత్రమునాడు దేవి ప్రీతికై ప్రజలందరి యెదుట ఆమె బంతియాడవలెను, అది వ్రతము. కేతన తెనిగించిన యా గ్రంథమును మా తండ్రిగారి యెదుట కూర్చుండి చదివినప్పుడు మాకును సుమారు పదమూడేండ్లే. ఆ ఘట్టమును ఎంత సంబరముతో చదివితిమో! కావ్యములోని రాకుమారి ఊరిజనమెదుట బంతియాడినచో అలంకారమును, మా కన్నబిడ్డ చేనిలో ఆడినచో అప్రతిష్ఠయు నగుట యెట్లు?

మరియొక మాట గూడ దాచక చెప్పవలెను. మా తండ్రిగారు మమ్ము బడికి పంపకపోవుటకు కారణము విద్యపై ద్వేషము గాదు. ఉన్నత పాఠశాల కాలువ కావలియొడ్డున నుండెను, ఆడపిల్ల పడవదాటి పోరాదనిరి. ఆయన మాకిచ్చిన విద్యకు మేము ఋణపడియున్నాము. కాని మా యీడు పిల్లలతో కలసి చేసిన పని మా బాల్యమున ఒక్కటియు లేదు. ఒక పద్యము నోటికి వచ్చినపుడు దానిని వినుటకు పెద్దలే గాని, వెంటనే అందుకొని రెండవ పాదము చెప్పు నెచ్చెలి లేకపోయెను. రహీం గారి పందెములలో బంతి నందుకొను తోడిపిల్లవానిని గూర్చి వినినప్పుడు మాకు జ్ఞాపకము వచ్చినది ఆ వెలితియే.

మరునాడుదయమున బీరువా తెరచి సంతకము చేసితిమి. ఒక నిబంధన మాత్రము పెట్టితిమి: హెల్సింకీ పాఠము మనకును వర్తించును, బూట్లు లేక ఆడరాదు. ఆదివారమునాడు విజయవాడకు పోయి, బీసెంటు రోడ్డులో నాలుగు దుకాణములు తిరిగి, మేము సంక్రాంతికని దాచుకొన్న చీర సొమ్ములో సగముతో బూట్లు కొంటిమి. మా అత్తగారు రెండు దినములు మాతో మాటలాడలేదు.

గుడివాడలో మా పిల్లల జట్టు మొదటి యాటలోనే 3-1 గోలులతో ఓడిపోయినది. తిరిగి వచ్చిన పిల్ల ముఖమున ఓటమి దుఃఖము కొంత యుండెను. కాని బూట్లు విప్పకయే చెప్పిన మొదటి మాట, "అమ్మా, ఆ ఒక్క గోలు నేను చేయలేదు, నేనందించితిని" అని. చేసినది కౌలుదారుని కూతురట, దాని స్నేహితురాలట. మరునాడు మా యింటికి వచ్చునట.

సోదరీమణులారా! మీ యాడపిల్ల యిట్టి కాగితమును తెచ్చినప్పుడు సంతకము చేయుడని మేము శాసింపము. పోటీలు జరుగు చోటు, వెంటపోవు పెద్దలు, బస చేయు వసతి, ఇవన్నియు విచారింపవలసినవే, మేమును విచారించితిమి. కాదను మాట నోటికి వచ్చినపుడు మాత్రము ఒక్కరాత్రి యాగుడు. మేమాగకపోయినచో, సంచిలో మరల కాగితము పెట్టుకొని తెచ్చు ధైర్యము ఆ పిల్లకు ఇక కలిగెడిది కాదు.

మొన్న అకాలవర్షము కురిసినది. మేము వంటయింటిలో నుండగా, వరండాలో ఆరబెట్టిన బూట్లు జ్ఞాపకము వచ్చి పరుగెత్తితిమి. అవి అచట లేవు. మా అత్తగారు వానిని లోనికి దెచ్చి, తమ మంచము క్రింద పాతబట్టపై నుంచి, "తోలు నానినచో పాడగును గదా" అనిరి, మరేమియు ననలేదు.